వేషం మార్చే వాకీటాకీ

పదాతిదళ జవాను చేతిలోని రేడియో ఇప్పుడు లోపల ఒక కంప్యూటర్. ప్రోగ్రామ్ మారిస్తే సెట్టే మారిపోతుంది. దాని కోసం అమెరికా వందల కోట్ల డాలర్లు పోగొట్టుకుంది, రష్యా పరువు పోగొట్టుకుంది. మన సైన్యం తన తొలి స్వదేశీ సెట్ల కోసం సంతకం పెట్టింది 2025 అక్టోబరులో.

1999 జూన్ 20, తెల్లవారుజాము. కార్గిల్ యుద్ధం, ద్రాస్ సెక్టార్‌లో పాయింట్ 5140. ఆ అంకె ఆ శిఖరం ఎత్తే, మీటర్లలో. 13 జమ్మూ కశ్మీర్ రైఫిల్స్ కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కర్నల్ యోగేశ్ కుమార్ జోషి వైర్‌లెస్‌లో కబురు కోసం కాచుకుని ఉన్నారు. పైకి రెండు కంపెనీలు ఎక్కాయి. ముందుగా లెఫ్టినెంట్ సంజీవ్ జామ్వాల్ సంకేతం వచ్చింది: ‘ఓ యా, యా, యా!’ తర్వాత లెఫ్టినెంట్ విక్రమ్ బత్రా గొంతు: ‘యే దిల్ మాంగే మోర్!’ అప్పట్లో టీవీ పెడితే చాలు వినపడే కూల్‌డ్రింక్ ప్రకటనలోని మాటను ఆయన గెలుపు సంకేతంగా ముందే ఎంచుకున్నారు. తర్వాత అది దేశమంతా మార్మోగింది.

ఆ కథకే ఇంకో ముక్క ఉంది. రేడియోలో బత్రాకు పెట్టిన రహస్య పేరు ‘షేర్‌షా’. ఆ పేరు పైన బంకర్లలో ఉన్న శత్రువులకూ తెలిసిపోయింది. వాళ్లు నేరుగా మన సెట్టులోకే వచ్చి, ‘షేర్‌షా, ఎందుకొచ్చావ్? తిరిగి వెళ్లలేవు’ అన్న అర్థంలో బెదిరించారని ఆనాటి నుంచీ చెప్పుకుంటున్నారు. సినిమాలో ఆ సవాలు వింటే ఎవరికైనా ఈల వేయాలనిపిస్తుంది. సిగ్నల్స్ ఇంజినీరు మాత్రం అక్కడ ఈల వేయలేడు. శత్రువు మన గొంతులో గొంతు కలిపాడంటే, అంతకుముందు మనం మాట్లాడుకున్నదంతా తీరిగ్గా విన్నాడని అర్థం.

పదాతిదళానికి రేడియో పని చెప్పడానికి చాలా చిన్నది. కొండ అవతల ఉన్న మనవాడికి వినపడాలి, కొండ మీద ఉన్న పగవాడికి వినపడకూడదు. ఎనభై ఏళ్లుగా సైన్యాలన్నీ తంటాలు పడుతున్నది ఈ ఒక్క వాక్యంతోనే.

రాతిశాసనం, పలక

రెండో ప్రపంచయుద్ధంలో జవాను వీపుకు ఎక్కిన తొలితరం సెట్లలో పేరు మోసింది అమెరికా వాళ్ల ఎస్‌సీఆర్-300. తర్వాత మోటరోలాగా పేరు మార్చుకున్న గాల్విన్ కంపెనీ దాన్ని చేసింది. లోపల 18 వాక్యూమ్ ట్యూబులు, బ్యాటరీని బట్టి 15 నుంచి 17 కిలోల బరువు, సుమారు 5 కిలోమీటర్ల దూరం. ‘వాకీటాకీ’ అన్న పేరు మొదట దీనికే పెట్టారు. ఇప్పుడు మనం ఆ పేరుతో పిలిచే చేతి సెట్టును అప్పట్లో ‘హ్యాండీటాకీ’ అనేవారు. నడుస్తూ మాట్లాడగలగడమే గొప్ప అనుకున్న రోజులు.

ఆ సెట్టూ, దాని తర్వాత నలభై ఐదేళ్ల పాటు వచ్చిన సెట్లూ రాతిశాసనాల్లాంటివి. ఏ ఫ్రీక్వెన్సీలో పలకాలి, గొంతును అల మీదికి ఎలా ఎక్కించాలి, పరాయివాడికి అర్థం కాకుండా ఎలా కలగాపులగం చేయాలి అన్నదంతా ఫ్యాక్టరీలోనే కాయిల్స్‌గా, క్రిస్టల్స్‌గా, సర్క్యూట్లుగా చెక్కి పంపేవారు. పద్ధతి మారాలంటే సెట్టే మారాలి. రహస్యం కావాలంటే ఇంకో పెట్టె మోయాలి. వియత్నాంలో అమెరికా జవాను మోసిన పీఆర్‌సీ-77 సెట్టుకు కేవై-38 అనే రహస్య యంత్రాన్ని తగిలిస్తే మొత్తం బరువు 24 కిలోలు దాటేది. ఆ ఉక్కలో, ఆ అడవిలో అంత బరువు ఎవరు మోస్తారు? చాలాచోట్ల ఆ పెట్టెను వెనకే వదిలేసి, ఉన్న మాట ఉన్నట్టుగానే మాట్లాడుకున్నారు. ఎదుటివాళ్లు విన్నారు.

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో, పొట్టిగా ఎస్‌డీఆర్, ఆ రాయిని పక్కన పెట్టి పలక పట్టుకుంది. యాంటెన్నా పట్టిన అలను సెకనుకు కోట్లసార్లు కొలిచి అంకెలుగా మార్చేస్తుంది. అక్కడి నుంచి ఆ అల ఇక అల కాదు, లెక్క. వడపోత, విప్పడం, తాళం తీయడం, మళ్లీ గొంతుగా మార్చడం, ఇవన్నీ చిప్‌లో నడిచే ప్రోగ్రామ్ చేసే లెక్కలే. మాట్లాడేటప్పుడు ఇదే తంతు వెనక నుంచి ముందుకు జరుగుతుంది. పద్ధతి మారాలంటే పాత రాత చెరిపి కొత్తది రాస్తే సరి.

ఆ ప్రోగ్రామ్‌ను ఈ రంగంలో వాళ్లు ‘వేవ్‌ఫామ్’ అంటారు. పేరు అలలా ఉన్నా, అందులో అలతోపాటు చాలా ఉంటాయి: మాటను ముక్కలు చేసే పద్ధతి, తప్పుల దిద్దుబాటు, తాళం, ఎవరి వంతు ఎప్పుడన్న క్రమశిక్షణ. పగటి వేషగాడు ఒకరోజు శివుడై వీధిలోకి వస్తాడు, మర్నాడు బైరాగి అవుతాడు. మనిషి అతనే, పెట్టెలోని దుస్తులు, రంగులు వేరు. వేవ్‌ఫామ్ ఆ వేషాల పెట్టె. ఒకే సెట్టు పొద్దున ట్యాంకుతో ట్యాంకు భాషలో, మధ్యాహ్నం హెలికాప్టర్‌తో దాని భాషలో మాట్లాడగలదు. ‘సాఫ్ట్‌వేర్ రేడియో’ అన్న ఆలోచనకు సిద్ధాంత రూపం ఇచ్చి ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ ఇంజినీరు జోసెఫ్ మిటోలా. ఆయన వ్యాసం 1992లో వచ్చింది.

టెలిఫోన్ నుంచి యుద్ధం

వేషాలు ఇన్ని ఎందుకన్న సందేహం వస్తే గ్రెనడా వైపు చూడాలి. 1983 అక్టోబరు 25న ఆ చిన్న కరేబియన్ ద్వీపంలో అమెరికా బలగాలు దిగాయి. నేల మీద సైన్యం, సముద్రం మీద నౌకాదళం. ఇద్దరి రేడియోలకూ పొత్తు కుదరలేదు. కళ్లెదుట ఓడ కనపడుతోంది, దానిలోని ఫిరంగులు కావాలి, అడగడానికి భాష లేదు. దిక్కుతోచని ఒకరు మామూలు టెలిఫోన్ నుంచి క్రెడిట్ కార్డు మీద అమెరికాలోని స్థావరానికి ఫోన్ చేసి సాయం అడిగారన్న కథ అప్పుడే పుట్టింది. ఎవరు చేశారన్నది చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. 1986లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ‘హార్ట్‌బ్రేక్ రిడ్జ్’ సినిమాలోకీ ఎక్కింది. కథలో కల్పన ఎంతున్నా, ఓడకూ ఒడ్డుకూ మాట కలవలేదన్నది మాత్రం విచారణల్లో తేలిన నిజం.

దాంతో అమెరికా రక్షణ శాఖ 1992లో ‘స్పీక్ ఈజీ’ అనే ప్రయోగం మొదలుపెట్టింది. మద్యనిషేధం రోజుల్లో దొంగచాటు సారా దుకాణాలను అక్కడ ‘స్పీక్ ఈజీ’ అనేవారు; రహస్య సంభాషణల సెట్టుకు ఆ పేరు పెట్టినవాడు రసికుడే. 2 మెగాహెర్ట్జ్ నుంచి 2 గిగాహెర్ట్జ్ దాకా, అప్పటికే వాడుకలో ఉన్న పదికి పైగా సైనిక రేడియోల వేషం ఒకే సెట్టు కట్టాలన్నది లక్ష్యం. కొన్ని వేషాలు కట్టింది కూడా. కాకపోతే తొలి దశలో ఆ సామగ్రికి ఒక ట్రక్కు వెనక భాగం కావాల్సి వచ్చింది. పదాతిదళానికి ట్రక్కును వీపు మీద మోసే అలవాటు లేదు.

తొక్కుడుబిళ్ల

ఇక్కడ కాస్త ఆగి, మాటను దాచే విద్య గురించి చెప్పుకోవాలి. మాటకు తాళం వేయడం ఒక పద్ధతి. తాళం వేసినా, మాట ఎక్కడి నుంచి వస్తోందో పగవాడు కనిపెట్టగలడు; కనిపెడితే ఆ చోట గుండు వేయగలడు, లేదా అదే ఫ్రీక్వెన్సీలో హోరు పెట్టి చెవులు మూయగలడు. అందుకని మాటను ఒకచోట నిలవనీయకుండా గెంతించడం రెండో పద్ధతి. ఆడపిల్లలు వాకిట్లో గీసుకునే తొక్కుడుబిళ్ల గళ్ల లాగా ఫ్రీక్వెన్సీలను ఊహించుకోండి. ఏ గడి తర్వాత ఏ గడిలో కాలు పెట్టాలో ఆడే ఇద్దరికే తెలుసు.

ఈ ఆలోచనకు 1942 ఆగస్టు 11న అమెరికాలో పేటెంట్ తీసుకున్న ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ తార హెడీ లమార్, రెండో వ్యక్తి సంగీతకారుడు జార్జ్ ఆంథీల్. తనంతట తాను వాయించుకునే పియానోలోని చిల్లుల కాగితం చుట్ట లాంటిది టార్పెడోలో ఒకటి, ఓడలో ఒకటి పెట్టి రెంటినీ కలిపి తిప్పితే 88 ఫ్రీక్వెన్సీల మధ్య సంకేతం గెంతుతుందని రాశారు. 88 అంటే పియానో మెట్ల సంఖ్యే. నౌకాదళం అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు. 1980ల్లో వచ్చిన సింక్‌గార్స్ రేడియో నాటికి గెంతు యుద్ధరంగంలో మామూలైపోయింది: 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ మధ్య 2,320 గళ్లు, సెకనుకు సుమారు 111 గెంతులు. ఎస్‌డీఆర్ వచ్చాక గెంతే లయ కూడా ప్రోగ్రామే అయింది. పగవాడు ఒక లయను పట్టేస్తే ఇంకో లయ ఎక్కించుకోవచ్చు. పాత సెట్లతో అది ఏళ్ల పని. కొత్త సెట్లలో, ప్రోగ్రామ్ చేతిలో ఉన్నవాడికి, చాలా చిన్న పని. ‘ప్రోగ్రామ్ చేతిలో ఉన్నవాడికి’ అన్న మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దానికి మళ్లీ వద్దాం.

అన్నీ ఒక్క పెట్టెలోనే

అమెరికా 1997లో జాయింట్ టాక్టికల్ రేడియో సిస్టమ్, జేటీఆర్‌ఎస్, మొదలుపెట్టింది. త్రివిధ దళాల్లో వాడే పాతిక, ముప్పై రకాల రేడియో కుటుంబాలను తీసేసి, వాటి స్థానంలో సాఫ్ట్‌వేర్ సెట్లు పెట్టాలన్నది సంకల్పం. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. అడిగేవాళ్లు మాత్రం ఆగలేదు. పాత భాషలన్నీ రావాలి, కొత్త నెట్‌వర్క్ భాష రావాలి, వీడియో పోవాలి, తాళం అత్యున్నత స్థాయిది కావాలి. పెళ్లి భోజనంలో వడ్డించిన ప్రతిదీ ఒకే ముద్దలో కలిపి తినాలని పట్టుపట్టినట్టు తయారైంది వ్యవహారం.

వాహనాల కోసం ఉద్దేశించిన జీఎంఆర్ అనే సెట్టు సంగతి అన్నింటికన్నా అన్యాయం. మొదట 86 వేలకు పైగా కొనాలనుకున్నారు. ఆలస్యమవుతూ, ఖర్చు పెరుగుతూ, సంఖ్య 10 వేల దగ్గరికి దిగింది. సంఖ్య దిగితే ఒక్కో సెట్టు ధర ఇంకా పెరిగింది. 2011 అక్టోబరులో మొత్తానికి దాన్ని రద్దు చేశారు. అప్పటికి జేటీఆర్‌ఎస్ కార్యక్రమం మొత్తం మీద సుమారు 600 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని లెక్క. ఆ పద్నాలుగేళ్లలో బయట ప్రపంచం సెల్‌ఫోన్ నుంచి స్మార్ట్‌ఫోన్‌కు మారిపోయింది.

అదే కార్యక్రమంలో చిన్నగా మొదలైన ‘రైఫిల్‌మన్ రేడియో’ మాత్రం బతికి బయటపడింది. ఏఎన్/పీఆర్‌సీ-154 దాని అసలు పేరు. జనరల్ డైనమిక్స్, థేల్స్ కంపెనీలు చేశాయి. కిలోలోపు బరువు, ఒకటే చానల్, ఒకటే ముఖ్యమైన వేవ్‌ఫామ్. అన్నీ చేయాలన్న ఆశ పెట్టుకోలేదు కాబట్టే అది జవాను ఛాతీ దాకా చేరగలిగిందని అనిపిస్తుంది. దాన్ని ఒక స్మార్ట్‌ఫోన్‌కు తగిలించి ‘నెట్ వారియర్’ అన్నారు. తెర మీద పటం, పటం మీద మనవాళ్లు ఎక్కడున్నారో చూపే చుక్కలు. 2013లో టెన్త్ మౌంటెన్ డివిజన్ జవాన్లు అలాంటి సామగ్రితోనే అఫ్గానిస్తాన్ వెళ్లారు.

ఈ చుక్కలు తెర మీదికి వచ్చే తీరు చూడముచ్చటైనది. సెల్‌ఫోన్‌కు టవర్ కావాలి, యుద్ధరంగంలో టవర్ ఉండదు. అందుకని ప్రతి జవాను సెట్టూ తన కబురుతో పాటు పక్కవాడి కబురునూ మోస్తుంది. మన ఊళ్లలో స్లాబు పోసే రోజు గుర్తుందా? కింద మిల్లర్ దగ్గర నుంచి పై అంతస్తు దాకా కూలీలు వరుస కట్టి సిమెంటు తట్టను చేతులు మారుస్తారు. మధ్యలో ఒకరు మంచినీళ్లకు పక్కకు జరిగితే అటువాడూ ఇటువాడూ చెరో అడుగు జరిగి సర్దుకుంటారు, తట్ట ఆగదు. ఈ సెట్ల వల అలాంటిదే. ఒక జవాను గుట్ట వెనక్కి వెళ్లినా, ఒక సెట్టు పేలిపోయినా, కబురు ఇంకో దారి వెతుక్కుంటుంది.

అయితే పక్కవాడి తట్ట మోసినా చెయ్యి నొప్పి పుడుతుంది. పక్కవాడి కబురు మోసే సెట్టు బ్యాటరీ కూడా అంతే. నోరు విప్పని జవాను సెట్టు సైతం రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. బ్యాటరీ తొందరగా అయిపోతోందనీ, పెట్టె వేడెక్కుతోందనీ ఫిర్యాదులు వచ్చాయి. వీపున మోసే పెద్దన్న, పీఆర్‌సీ-155 మ్యాన్‌ప్యాక్ మీదా వేడి ఫిర్యాదే. అఫ్గానిస్తాన్ కాలంలో 72 గంటల గస్తీకి వెళ్లే అమెరికా జవాను ఏడు కిలోల దాకా బ్యాటరీలే మోసేవాడని అక్కడి సైన్యమే లెక్క చెప్పింది. నీళ్లు, తూటాలు ఆ పైన. చివరికి ఒకే చానల్ సెట్టును పక్కన పెట్టి, రెండు చానళ్ల సెట్ల వైపు ఆ సైన్యం మళ్లింది. కింద తన సెక్షన్‌తో వల భాషలో, పైన కంపెనీ కమాండర్‌తో పాత భాషలో ఒకేసారి మాట్లాడాల్సినవాడికి ఒక నోరు చాలదని అనుభవం మీద తెలిసింది.

బ్రిటన్ జవాన్లది ఇంకో రకం నిరసన. 2004లో వాళ్ల చేతికి వచ్చిన ‘బౌమన్’ రేడియో వ్యవస్థకు సుమారు 240 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. బరువూ, బ్యాటరీ చూసి విసుగెత్తిన సైనికులు ఆ పేరులోని ఆరక్షరాలకు కొత్త అర్థం చెప్పుకున్నారు: బెటర్ ఆఫ్ విత్ మ్యాప్ అండ్ నోకియా. ‘దీనికన్నా ఒక పటం, ఒక నోకియా ఫోన్ నయం’ అని.

సాఫ్ట్‌వేర్‌కు లొంగనిది ఇంకొకటుంది, యాంటెన్నా. 30 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 10 మీటర్లు. దాన్ని చక్కగా పట్టాలంటే అందులో పావు, రెండున్నర మీటర్ల కడ్డీ కావాలి. అంత కడ్డీ నెత్తిన ఊగుతుంటే జవాను ‘నన్ను కాల్చండి’ అని జెండా పట్టుకున్నట్టే. పొట్టి యాంటెన్నా పెడితే దూరం తగ్గుతుంది. ఫ్రీక్వెన్సీ పెంచితే యాంటెన్నా పొట్టిదవుతుంది, వీడియో కూడా పోతుంది, కానీ అల కొండను చుట్టుకుని వెళ్లడం మానేసి నేరుగా కనపడేవాడికే వినపడుతుంది. ప్రోగ్రామ్ ఎన్ని వేషాలైనా వేస్తుంది. ప్రకృతి ముందు కట్టిన వేషం చెల్లదు.

చౌక సెట్టు, ఖరీదైన మాట

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌లోకి వచ్చినప్పుడు దాని దగ్గర ‘అజార్ట్’ ఉంది. ఆర్-187పీ1 అజార్ట్ చేతి సెట్టు, 27 నుంచి 520 మెగాహెర్ట్జ్, గెంతగలదు, తాళం వేయగలదు, పేరుకు తగిన సాఫ్ట్‌వేర్ రేడియో. పత్రికల్లో, ప్రదర్శనల్లో బాగా కనపడింది. ముందు వరుసలో ఉన్న చాలామందికి అది అందలేదు. వాళ్ల చేతుల్లో కనపడినవి బజారులో రెండు మూడు వేల రూపాయలకు దొరికే చైనా బావోఫెంగ్ సెట్లు. తాళం లేదు, గెంతు లేదు. రష్యా జవాన్ల మాటలను ఉక్రెయిన్ సైన్యం సరే, ఇంట్లో కూర్చున్న రేడియో అభిరుచిపరులు కూడా విని రికార్డు చేశారు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం 2008 నుంచి నడుపుతున్న రిసీవర్‌ను ప్రపంచంలో ఎవరైనా ఇంటర్నెట్‌లో తిప్పి షార్ట్‌వేవ్ వినవచ్చు. ఆ రోజుల్లో అక్కడ వినేవాళ్లకు రష్యా సైనిక సంకేతాలు పండగే. ఆ రిసీవర్ కూడా సాఫ్ట్‌వేర్ రేడియోనే.

ఇందులోని వ్యంగ్యం అక్కడితో ఆగదు. టీవీ చూడటానికి కంప్యూటర్‌కు తగిలించే వెయ్యి, రెండు వేల రూపాయల బుల్లి పరికరం ఒకటుంది. దాని లోపలి చిప్‌ను ప్రోగ్రామ్‌తో మచ్చిక చేసుకుంటే విశాలమైన ఫ్రీక్వెన్సీలను వినే సాఫ్ట్‌వేర్ రిసీవర్ అవుతుందని 2012లో అభిరుచిపరులు కనిపెట్టారు. స్పీక్ ఈజీకి ట్రక్కు కావాల్సి వచ్చిన పనిలో వినే సగం ఇరవై ఏళ్లలో బొటనవేలంత సైజుకు వచ్చేసింది. అంటే జవాను చేతిలోకి వచ్చిన విద్యే అతన్ని వినేవాడి చేతికీ వచ్చింది, అదీ చౌకగా. 

మన సరిహద్దుల్లోనూ ఆ గాలి తగులుతోంది. జమ్మూ కశ్మీర్‌లో హతమైన ఉగ్రవాదుల దగ్గర 2023 నుంచి ‘అల్ట్రా సెట్’ అనే చైనా హ్యాండ్‌సెట్లు దొరికినట్టు భద్రతా అధికారులు చెప్పారు. పాకిస్తాన్ సైన్యం కోసం ప్రత్యేకంగా చేయించిన ఆ పరికరం చూడటానికి సెల్‌ఫోన్, పని రేడియోది. మామూలు మొబైల్ టవర్ల జోలికి పోదు.

ఉక్రెయిన్ కందకాల్లో మరో దృశ్యం కూడా ఉంది. జామర్ల హోరు ఎక్కువైన చోట రెండు వైపులా జవాన్లు టీఏ-57 అనే సోవియట్ కాలపు టెలిఫోన్లు బయటికి తీశారు. హ్యాండిల్ తిప్పితే గంట మోగే రకం, కందకం నుంచి కందకానికి తీగ లాగాలి. ఆ తీగను జామ్ చేసే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు.

తాళం ఎవరి దగ్గర

ఇప్పుడు ఇందాక దాచిపెట్టుకున్న మాట. సెట్టు రాతిశాసనంగా ఉన్న రోజుల్లో, పెట్టెను మన గడ్డ మీద బిగిస్తే సెట్టు మనదే అనుకునే వీలుండేది. పలక అయ్యాక ఆ లెక్క చెల్లదు. పెట్టె బెంగళూరులో బిగించినా, అందులో నడిచే వేవ్‌ఫామ్ పరాయి కంపెనీ రాసినదై, దాని మూలరాత మన చేతిలో లేకపోతే, గెంతే లయ మార్చాలన్నా వాళ్లనే అడగాలి. రెండు దేశాల నుంచి రెండు రకాల సెట్లు కొంటే అవి ఒకదానితో ఒకటి మాట్లాడవు. గ్రెనడా మళ్లీ మొదటికి వస్తుంది. అంత డబ్బు తగలేసిన జేటీఆర్‌ఎస్ కూడా ఈ ఒక్క విషయంలో తెలివిగా ఉంది. ముఖ్యమైన వేవ్‌ఫామ్‌లను ప్రభుత్వ సొత్తుగా ఒక భాండాగారంలో ఉంచి, ఏ కంపెనీ సెట్టులోనైనా ఎక్కించుకునేలా ఒక ఉమ్మడి నిర్మాణ ప్రమాణం రాసుకుంది. పెట్టెలు పోయినా ఆ రాత నిలిచింది.

మన దగ్గర మొదలు సముద్రం మీద జరిగింది. డెహ్రాడూన్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల డీల్, బెంగళూరులోని కెయిర్, నౌకాదళానికి చెందిన వెసీ అనే సంస్థ, భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) కలిసి ఎస్‌డీఆర్-టాక్ అనే నాలుగు చానళ్ల సెట్టు తయారు చేశాయి. 2021 ఫిబ్రవరిలో నౌకాదళం కోసం రక్షణ శాఖ బీఈఎల్‌తో వెయ్యి కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందం చేసుకుంది. 2025 ఫిబ్రవరిలో తీరరక్షక దళానికి 149 సెట్లు, 1,220 కోట్ల 12 లక్షలు. భాగించి చూస్తే సెట్టుకు ఎనిమిది కోట్ల పైమాటే. కంగారు పడొద్దు, ఇవి ఓడలో బీరువాలా బిగించే వ్యవస్థలు. జేబులో పెట్టుకునేవి కావు. ఓడలో కరెంటు ఉంటుంది, చల్లబరచడానికి గాలి ఉంటుంది, మోసేది సముద్రం. నేల మీద మోసేది మనిషి. అందుకే పదాతిదళం వంతు చివర వచ్చింది. అక్కడ బీఈఎల్ వారి స్టార్స్-V లాంటి సెట్లు ఏళ్ల తరబడి కాపు కాశాయి.

ఈ కథలో హైదరాబాద్ పాత్ర తమాషాగా రెండు వైపులా ఉంది. చాంద్రాయణగుట్టలోని డీఎల్‌ఆర్‌ఎల్ 1960ల నుంచి ఎలక్ట్రానిక్ యుద్ధవిద్య మీద పనిచేస్తోంది. అంటే పగవాడి రేడియోను వినడం, ఎక్కడుందో పట్టడం, చెవులు మూయడం. సైన్యం కోసం తయారైన ‘సంయుక్త’ వ్యవస్థలో ఆ ప్రయోగశాలది పెద్ద చెయ్యి. అదే ఊళ్లో ఆస్ట్రా మైక్రోవేవ్, ఇజ్రాయెల్‌కు చెందిన రఫేల్ కలిసి పెట్టిన ఆస్ట్రా రఫేల్ కామ్‌సిస్ వైమానిక దళానికి బీనెట్ అనే సాఫ్ట్‌వేర్ రేడియోలు చేస్తోంది. ఒకచోట వినపడనీయని సెట్లు, ఇంకోచోట ఎలాగైనా వినే యంత్రాలు. నగరంలోనే 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థలో చేరే కుర్రాళ్లకు ఈ రెండు వైపులా కొలువులు దొరికే కాలం ఇది. పిల్లవాడు యాంటెన్నాలు, తీగలు ముందేసుకుని కూర్చుంటే తిట్టే తల్లిదండ్రులు ఈ సంగతి కాస్త మనసులో పెట్టుకోవాలి.

2025 అక్టోబరు 6న ఢిల్లీ డీఆర్‌డీవో భవన్‌లో ఒక పత్రం విడుదలైంది. తుపాకీ కాదు, క్షిపణి కాదు కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇండియన్ రేడియో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్, ఇర్సా, తొలి ప్రమాణం అది. డీఆర్‌డీవో, త్రివిధ దళాలు, ఇంటిగ్రేటెడ్ డిఫెన్స్ స్టాఫ్ కలిసి రాశాయి. అవసరాన్ని గుర్తించింది 2021లో, పని మొదలైంది 2022లో. ఒక వేవ్‌ఫామ్ ఏ కంపెనీ సెట్టులోనైనా నడవాలంటే పెట్టెకూ ప్రోగ్రామ్‌కూ మధ్య అతుకులు ఎలా ఉండాలి, నడుస్తోందని పరీక్షించి ముద్ర వేసేది ఎలా అన్నవి అందులో ఉన్నాయి. ఈ వ్యాసంలో చెప్పుకున్న అన్ని సెట్లకన్నా ఆ కాగితాల కట్టే విలువైనదని చెప్పడానికి వెనకాడనక్కరలేదు. పెట్టెలు పదేళ్లకు పాతబడతాయి. అతుకుల లెక్క మన చేతిలో ఉంటే పాత పెట్టె పోయి కొత్తది వచ్చినా వేషాల మూట మనతోనే ఉంటుంది.

అదే నెలలో సైన్యం తన తొలి స్వదేశీ ఎస్‌డీఆర్‌ల ఒప్పందం మీద సంతకం చేసింది. డీఆర్‌డీవో రూపకల్పన, బీఈఎల్ తయారీ. ఎక్కువ సమాచారం మోయగలవి, స్లాబు వరుసలా ఒకదానికొకటి కబురు అందించుకోగలవి. ఇక తేలాల్సింది డెహ్రాడూన్‌లోనో బెంగళూరులోనో కాదు. బ్యాటరీలు గడ్డకట్టే సియాచిన్ చలిలో, పెట్టె కాలిపోయే జైసల్మేర్ ఎండలో, నిండు సామానుతో కొండెక్కే జవాను ఆ సెట్టును దారిలో వదిలేయకుండా పైదాకా మోసుకెళ్తే అది నెగ్గినట్టు. అమెరికా తన ఉమ్మడి ప్రమాణానికి 4.1 సంచికను 2015లోనే తెచ్చింది. మనది 1.0.